ఎక్కాలు: ముందు బట్టీనా, ముందు అర్థమా?

చిరుజల్లు: మావాడు మూడో తరగతి. ఏడో ఎక్కం గడగడా అప్పజెప్తాడు. మధ్యలో ఆపి "ఏడెనిమిదులు ఎంత?" అంటే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. ఏడు వరసల్లో ఎనిమిదేసి చుక్కలు పెట్టి ఎన్నంటే ఒక్కొక్కటీ లెక్కపెడతాడు. ఏం చేయను?

పాతపలక: ఇంకా బట్టీ పట్టించండి. 347ని 68తో గుణించేటప్పుడు ఏడెనిమిదులు దగ్గర ఆగితే అసలు లెక్కే మర్చిపోతాడు. అర్థం తర్వాత వస్తుంది.

గళ్ళకాగితం: రాదండీ, రాకపోబట్టే ఆవిడ అడిగారు. పదో ఎక్కం దాకా మొత్తం 100 గుణకారాలు. తిప్పి చెప్పినా ఒకటే కాబట్టి వేరువేరువి 55. అందులో 1, 2, 5, 10 ఉన్నవి తీసేస్తే మిగిలేవి 21. ఏడైదులు 35, ఏడు మూళ్ళు 21, కలిపితే 56. ఇది తెలిసిన పిల్ల మర్చిపోయినా మళ్ళీ కట్టుకుంటుంది.

పాతపలక: తిప్పినా ఒకటేనా? రోజుకి మూడు మాత్రలు నాలుగు రోజులు వేయడం, నాలుగేసి మూడు రోజులు వేయడం ఒకటేనా?

గళ్ళకాగితం: మాత్రలు రెండుసార్లూ 12. మోతాదు వేరు. నేను లెక్క గురించి అంటున్నా.

పాతపలక: అర్థం అర్థం అన్నది మీరేగా. మోతాదు అర్థం కాదా?

మూడోబెంచి: మా ఇద్దరు పిల్లలకీ ముందు 2, 10, 5 నేర్పాను, తర్వాత మిగతావి. ఇబ్బంది రాలేదు.

గళ్ళకాగితం: మాత్రల దగ్గరే ఆగిపోయారు మీరు. నన్ను ఏడెనిమిదులు రాలేదని బెంచీ ఎక్కించి గంటసేపు నిలబెట్టారు. ఈ రోజుకీ 56 రాశాక ఒకసారి కూడి చూసుకుంటాను. బట్టీ నాకిచ్చింది అదీ.

పాతపలక: మిమ్మల్ని నిలబెడితే తప్పు ఎక్కానిదా? మా అమ్మాయికి అంతా అర్థమయ్యేలాగే చెప్పారు, ఒక్కరోజు అప్పజెప్పించలేదు. ఏడో తరగతికొచ్చాక 42/56 ఇస్తే ఏడో ఎక్కంలో పోతాయని తట్టలేదు. వేళ్ళు ముడుస్తుంటే పక్కవాళ్ళు నవ్వారు. ఇంటికొచ్చి "నాకు లెక్కలు రావు నాన్నా" అంది.

గళ్ళకాగితం: ఈ మాట మొదటే చెప్పాల్సింది. అప్పజెప్పించడం వద్దని నేనెప్పుడూ అనలేదు. గడియారం పెట్టి నలుగురిలో అడగడం వద్దంటున్నాను.

పాతపలక: అదిగో, అక్కడే ఒప్పుకోను. టైము పెట్టకుండా వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎవరూ తొందరపెట్టకే మా పిల్ల వెనకబడింది.

గళ్ళకాగితం: రోజూ నాలుగు ప్రశ్నలు, వరస మార్చి, ఇంట్లో, మీరొక్కరే అడగండి. వేగం అలా వస్తుంది. భయంలో వచ్చిన ఎక్కం భయంలోనే పోతుంది, నాకు పోయింది.

పాతపలక: పరీక్షలో గడియారం ఉంటుంది కదండీ.

చిరుజల్లు: రాత్రి చుక్కల కాగితంలో ప్రతి వరసలో ఐదు చుక్కల తర్వాత గీత గీశాను. 35, 21 తనే అన్నాడు, కలిపి 56 చెప్పాడు. ఎనిమిదో ఎక్కంలో ఎనిమిదేళ్ళు ఎంతంటే కాగితం అడ్డంగా తిప్పి నవ్వాడు. ఆరెనిమిదులు అడిగితే మాత్రం మళ్ళీ ఆరొకట్ల ఆరు నుంచి ఎత్తుకున్నాడు.