శ్రీశైలం ఘాట్‌కి ఏ తరహా బండి? క్రూయిజర్, నేకెడ్, అడ్వెంచర్, స్పోర్ట్స్: సుఖం ఎక్కడ, మజా ఎక్కడ

మీర్‌పేట్ బైకర్
అన్నలూ, ఎంత లెక్కేసినా తేలట్లేదు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, వెనక మనిషి ఉంటారు. నెలకోసారి హైదరాబాద్ నుంచి శ్రీశైలం, అప్పుడప్పుడు విజయవాడ, మిగతా రోజులు ఆఫీసు ట్రాఫిక్. మీటియర్ 350 (క్రూయిజర్), క్లాసిక్ 350 (రోడ్‌స్టర్), హిమాలయన్ 450 (అడ్వెంచర్), 390 డ్యూక్ (నేకెడ్) చూస్తున్నా. స్పోర్ట్స్ బండి ఆర్15 వైపు కూడా మనసు లాగుతోంది. బీహెచ్‌పీ (ఇంజిన్ పవర్) లెక్కలు బ్రోచర్‌లో ఉన్నాయి, అవి వద్దు. మూడు గంటలు దాటాక నడుము, మణికట్టు ఏమంటాయి? మజా ఏ బండికి ఏ రోడ్డు మీద వస్తుంది?

షాకప్ డాక్టర్
బండి పేరు కాసేపు పక్కన పెట్టండి. కూర్చున్నాక ఒంటి బరువు ఎక్కడ పడుతోంది? సీటు, హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ ఎంతెంత దూరంలో ఉన్నాయన్న దాన్ని బట్టే అది తేలుతుంది.

క్రూయిజర్ మీద కాళ్లు ముందుకు చాపుతాం, కాబట్టి బరువంతా పిర్రల మీద, నడుము చివరన పడుతుంది. నున్నటి రోడ్డయితే సోఫాలో కూర్చున్నట్టే. గుంత వస్తే మాత్రం ఫుట్‌రెస్ట్ మీద లేవడం కష్టం, దెబ్బ నేరుగా వెన్నుకి తగులుతుంది. ఇంకోటి, 90 దాటాక గాలి ఛాతీని వెనక్కి తోస్తుంది. పడిపోకుండా హ్యాండిల్‌ని లాగి పట్టుకుంటాం. సాయంత్రానికి భుజాలు పట్టేసేది అందుకే, సీటు తప్పేం లేదు.

స్పోర్ట్స్ బండి దీనికి తలకిందులు. ఆర్15 ఊళ్లోనే ఎక్కువ ఏడిపిస్తుంది, హైవే మీద కాదు. 40లో పోయేటప్పుడు ముందుకు వంగిన ఒంటి బరువంతా మణికట్ల మీదే. 80-90కి వచ్చేసరికి ఎదురుగాలి ఛాతీ కింద ఆసరా ఇస్తుంది, చేతులు తేలికవుతాయి. మోకాళ్లతో ట్యాంకు గట్టిగా పట్టి, మోచేతులు కొంచెం వంచి ఉంచితే మణికట్టు నొప్పి చాలా వరకు పోతుంది. మెడ నొప్పి పోదు.

నేకెడ్, క్లాసిక్ లాంటి రోడ్‌స్టర్ మధ్యస్తం. ఫుట్‌రెస్ట్ ఇంచుమించు ఒంటి కిందే ఉంటుంది కాబట్టి గతుకు రాగానే అర అంగుళం లేస్తే చాలు, దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. అడ్వెంచర్‌లో ఏకంగా నిలబడి నడపొచ్చు.

నల్లమల రూట్
ఈ దారి గురించే చెప్తా. తుక్కుగూడ, కడ్తాల్, కల్వకుర్తి, మన్ననూర్ వరకు దాదాపు నేరుగా పోతుంది. అక్కడ 350 మీద 80-85లో పోతే ఇంజిన్‌కీ మనిషికీ హాయి. 95 దాటించి గంటసేపు తోలితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పెద్ద సింగిల్ సిలిండర్ స్వభావమే అంత. మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. తెల్లారక ముందే బయల్దేరి గేటు తీసే వేళకి చేరుకునేలా చూసుకోండి, అడవి చల్లగా ఉంటుంది.

అసలు మజా దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగి మళ్లీ ఎక్కే మలుపుల్లో. క్లాసిక్‌కి 27 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) 4000 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. వెనక మనిషి ఉన్నా థర్డ్ గేర్‌లో ఎక్కేస్తుంది, మాటిమాటికీ గేరు మార్చక్కర్లేదు. ఆర్15కి ఉన్నదే 14.2, అదీ 7500 దగ్గర. ఇంజిన్‌ని అరిపిస్తూ, గేర్లతో ఆడుకుంటూ పోయేవాడికి అదే పండగ. 142 కేజీల బండి, అనుకున్న చోటికి ముక్కు తిప్పుతుంది. ఒంటరిగా పోతే ఆ ఘాట్‌లో ఈ లిస్టులో దేనికీ లేని సరదా దానికి ఉంది. వెనక కూర్చున్నవాళ్లకి నరకం.

ట్యూబ్‌లెస్
అడ్వెంచర్ బండి ఘాట్‌లో బోరు కొడుతుందంటారు, నిజమేనా?

షాకప్ డాక్టర్
సగం నిజం. హిమాలయన్ 450కి ముందు 21 అంగుళాల చక్రం. గుంతల్ని మింగేస్తుంది, కానీ మలుపులోకి వాలడానికి 17 అంగుళాల డ్యూక్ కన్నా కాస్త బద్ధకం. సస్పెన్షన్ కదలిక రెండు వైపులా 200 మి.మీ., అందుకే బ్రేకు ఒక్కసారిగా నొక్కితే ముక్కు బాగా కిందికి దిగుతుంది. మొదట వెనక బ్రేకు లైట్‌గా తాకించి, తర్వాత ముందు బ్రేకు మెల్లగా పెంచండి, బండి సమంగా కూర్చుంటుంది. అలవాటైతే రోడ్డు చెడిపోయిన ఘాట్‌లో దీన్ని డ్యూక్ అందుకోలేదు. మారేడుమిల్లి వైపు వాన పడ్డాక పోయి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

క్లచ్ వైర్
ట్రాఫిక్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 390 డ్యూక్‌ని 3000 ఆర్‌పీఎం లోపు పెద్ద గేర్‌లో లాగితే చైన్ కొట్టుకుంటుంది, బండి జర్కులిస్తుంది. ఊళ్లో ఎప్పుడూ ఒక గేరు తక్కువలో నడపాలి. సిగ్నల్ దగ్గర ఫ్యాన్ తిరిగితే వేడి తొడలకి కొడుతుంది. క్లాసిక్ 195 కేజీలు, హిమాలయన్ 196, అంకెల్లో ఒక్క కేజీ తేడా. కానీ హిమాలయన్ బరువు పైన ఉంటుంది, సీటు ఎత్తు 825 మి.మీ. పార్కింగ్‌లో వెనక్కి తోసేటప్పుడు ఆ తేడా పది కేజీలంత అనిపిస్తుంది.

అన్నట్టు, ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు. "హైవే బండి" కొని రింగ్ రోడ్డు మీద దౌడు తీద్దామనుకుంటే సర్వీసు రోడ్డే గతి.

సీటు కుట్టేవాడు
సీటు మెత్తగా ఉంటే సుఖం అనుకోవడం అందరూ చేసే పొరపాటు. షోరూంలో పది నిమిషాలు కూర్చున్నప్పుడు మెత్తటి స్పాంజి బాగుంటుంది. గంట దాటాక అది అణిగిపోయి, ఎముక సీటు అడుగు ప్లాస్టిక్‌కి తగులుతుంది. సీటు మార్పించేటప్పుడు గట్టి స్పాంజి అడుగున, పైన ఒక పల్చటి మెత్తటి పొర అడగండి. ముందు భాగం వెడల్పు తగ్గించమనండి, పొట్టివాళ్లకి కాలు ఇంకాస్త కిందికి అందుతుంది. సీటు ముందుకి వాలి ఉంటే మనిషి ట్యాంకు మీదికి జారుతూనే ఉంటాడు. ఆ వాలు సరిచేయకుండా జెల్ ప్యాడ్ ఎంత ఖరీదుది వేసినా దండగే. రెగ్జిన్ జారుడుది వద్దు, కుట్టు పైభాగంలో రాకూడదు, వానకి నీళ్లు దిగి స్పాంజి తాగేస్తుంది.

ట్యూబ్‌లెస్
ప్రీలోడ్ (షాకప్ స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాలన్న సెట్టింగ్) పెంచితే షాకప్ గట్టిపడుతుంది కదా, నడుము నొప్పి ఉన్నవాళ్లు అన్నిటికన్నా తక్కువలో పెట్టుకుంటే సరిపోదా?

షాకప్ డాక్టర్
సరిపోదు. ప్రీలోడ్‌తో స్ప్రింగ్ గట్టితనం మారదు. మనిషి కూర్చున్నాక బండి ఎంత దిగాలన్నదే మారుతుంది. మరీ తక్కువైతే వెనక మనిషి ఎక్కగానే షాకప్ అడుగు తాకుతుంది, ఆ దెబ్బ ఇంకా ఘోరం. కొలిచి పెట్టుకోవాలి:

సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండగా, యాక్సిల్ నుంచి నిట్టనిలువుగా పైన టెయిల్ మీద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. 600 మి.మీ. వచ్చిందనుకుందాం. తర్వాత స్టాండ్ తీసి, హెల్మెట్, జాకెట్‌తో సహా కూర్చుని, రెండు కాళ్లూ ఫుట్‌రెస్ట్ మీద పెట్టండి. ఒకరు బండి పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. 543 వస్తే 57 దిగినట్టు. చక్రం మొత్తం కదలికలో 30 శాతం అటూ ఇటూ దిగడం సరైనది. 200 కదలిక ఉన్న హిమాలయన్‌కి 55-60, వంద ఉన్న బండికి 30. ఇంతకన్నా ఎక్కువ దిగితే ప్రీలోడ్ పెంచండి, తక్కువ దిగితే తగ్గించండి. వెనక మనిషితో పోయేటప్పుడు ఇద్దరూ కూర్చుని మళ్లీ కొలవాలి. క్లాసిక్‌కి రెండు షాకప్‌లు, రెండూ ఒకే మెట్టులో ఉండాలి. ఒకటి రెండో మెట్టు, ఒకటి నాలుగో మెట్టులో పెట్టుకుని "బండి పక్కకి లాగుతోంది" అనేవాళ్లు తక్కువేం కాదు.

దీనికన్నా ముందు టైరు గాలి చూడండి. పంక్చర్ షాపులో అడక్కపోతే ఏ బండికైనా 40 పాయింట్లు కొట్టేస్తారు. అప్పుడు ఎంత మంచి షాకప్ అయినా బండి రాయిలా ఎగురుతుంది. చైన్ మీద లేదా మాన్యువల్‌లో రాసిన లెక్కే పెట్టాలి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. ఎండలో రెండు గంటలు పోయాక రెండు మూడు పాయింట్లు పెరగడం మామూలే, వేడి మీద గాలి తీయకండి.

క్లచ్ వైర్
"చైన్ మీద" కాదు, చైన్ గార్డు మీదో స్వింగ్ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీదో అంటించిన స్టిక్కర్.

షాకప్ డాక్టర్
అవును, స్టిక్కరే. తొందర్లో టైప్ చేశా.

మీర్‌పేట్ బైకర్
హిమాలయన్‌కి హ్యాండిల్ రైజర్లు (హ్యాండిల్‌ని ఎత్తు పెంచే దిమ్మలు) వేస్తే నడుముకి మంచిదంటున్నారు. ఇంకా, వెనక మనిషి ఎక్కేటప్పుడు 5-6 ఎత్తుకి కాళ్లు అందుతాయా?

క్లచ్ వైర్
నిలబడి నడిపేవాళ్లకి రైజర్ పనికొస్తుంది. కూర్చునే నడిపితే 5-6 ఎత్తుకి అక్కర్లేదు, చేతులు పైకి లేచి భుజాలు పట్టేస్తాయి. వేయించినా 20-25 మి.మీ. దాటొద్దు. బిగించాక ఇంజిన్ ఆన్ చేసి హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పండి. క్లచ్ వైరు బిగుసుకోకూడదు, బ్రేకు పైపు సాగకూడదు. ముందు ఖర్చు లేని పని చేయండి: క్లచ్, బ్రేకు లివర్లు వదులు చేసి, ముంజేయి, వేళ్లు ఒకే గీతలో వచ్చేలా కిందికి తిప్పి బిగించండి. షోరూంలో ఇచ్చే బండ్లకి లివర్లు చాలావరకు పైకే ఉంటాయి.

కాళ్ల సంగతి: ఒక్కరే ఉంటే మునివేళ్లు అందుతాయి. వెనక మనిషి కూర్చున్నాక సస్పెన్షన్ దిగి ఇంకా బాగా అందుతాయి, కానీ బండి వాలితే ఆపడం కష్టం. నడిపేవారు ముందు ఎక్కి, సైడ్ స్టాండ్ తీసి, రెండు కాళ్లూ ఆనించి, ముందు బ్రేకు పట్టుకున్నాకే వెనకవాళ్లు ఎక్కాలి. వెనక టాప్ బాక్స్‌లో బరువు పెట్టకండి, వెనక చక్రం దాటి బరువు పడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. వాన కోట్లు, బట్టలు చాలు. నీళ్ల సీసాలు, టూల్స్ ట్యాంక్ బ్యాగులోకి.

నల్లమల రూట్
ధర కూడా చూసుకో తమ్ముడూ. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 18 శాతం, ఆపైన 40. మీటియర్, క్లాసిక్ ఒక వైపు, హిమాలయన్, డ్యూక్ ఇంకో వైపు పడ్డాయి. ఆ తేడా డబ్బుల్లో మంచి సీటు, మంచి జాకెట్ వచ్చేస్తాయి. నీ వాడకానికి, వెనక మనిషితో కాబట్టి, నా ఓటు క్లాసిక్‌కి. మీటియర్ వద్దు, కల్వకుర్తి దాకా బాగుంటుంది, పాత తారు మొదలయ్యాక నడుము తిడుతుంది.

ట్యూబ్‌లెస్
ఒప్పుకోను. రోడ్డు బాగోలేని చోట్లకి పోవాలనే ఆశ ఏమాత్రం ఉన్నా హిమాలయనే.

సీటు కుట్టేవాడు
ఏది తీసుకున్నా టెస్ట్ రైడ్ పది నిమిషాలతో సరిపెట్టకండి. అద్దెకి రోజంతా తీసుకుని, మీ వెనక కూర్చునే మనిషితోనే కనీసం 150 కిలోమీటర్లు తిరగండి. స్పీడ్ బ్రేకర్ మీద 20లో ఎక్కించండి, ఇరుకు సందులో యూ టర్న్ కొట్టండి. దిగాక మొదట వెనకాయన్నో ఆవిడనో అడగండి. మీ నడుము మజాలో పడి నొప్పి దాచేస్తుంది, వాళ్లది దాచదు.

మీర్‌పేట్ బైకర్
శనివారానికి క్లాసిక్, ఆదివారానికి హిమాలయన్ అద్దెకి మాట్లాడా. టేపు కూడా కొన్నా.

షాకప్ డాక్టర్
అద్దె బండ్లకి ముందు గాలి చూడండి. 40 ఉంటుంది.