పీహెచ్‌డీ కమిటీకి రీసెర్చ్ బ్యాక్‌గ్రౌండ్ ఎలా రాయాలి? (డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస పక్కన పల్లెటూరు. కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు. నా విషయం డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, అంటే చాలా కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద కలిసి ఒకే పని చేయడం. వచ్చే నెల కమిటీకి నా బ్యాక్‌గ్రౌండ్ రెండు పేజీల్లో రాసివ్వాలి. ఒకటే టెన్షన్.

వేర్వేరు మెషీన్లలో ఏది ముందు జరిగిందో ఎలా చెప్పాలనే దాని మీద లెస్లీ లాంపోర్ట్ రాసిన 1978 పేపర్ చదివాను. కొన్ని మెషీన్లు ఆగినా మిగతావి ఒకే మాట మీద ఉండేలా చేసే పద్ధతి రాఫ్ట్, 2014లో వచ్చింది. దాన్ని సొంతంగా కోడ్ చేసి, ఇంట్లోనే ఐదు పాత లాప్‌టాప్‌ల మీద నడుపుతున్నాను (అమ్మ జీడిపప్పు డబ్బాల పక్కనే). రెండు ఆగిపోయినా మిగతా మూడూ మెజారిటీ కాబట్టి పని నడుస్తుంది. ఇందులో మెషీన్లు ఓట్లేసి, మిగతావాటిని నడిపే లీడర్‌ని ఎన్నుకుంటాయి. మొన్న ఆ ఎన్నిక మధ్యలో కరెంటు పోయి వచ్చింది. చూస్తే ఒకే టర్మ్‌లో (ఎన్నిక విడతలో) ఇద్దరు లీడర్లు! ఒక్కరికి మించి ఉండకూడదు. తెల్లవార్లూ లాగ్‌లు చూస్తే తేలింది: వేసిన ఓటుని డిస్క్‌లో రాయకుండా మెమరీలోనే ఉంచాను. బ్యాటరీ పాడైన లాప్‌టాప్ ఆగి, లేచి, పాత ఓటు మర్చిపోయి రెండోసారి వేసేసింది. ఇలాంటివి బ్యాక్‌గ్రౌండ్‌లో రాయవచ్చా, లేక పేపర్ల గురించే రాయాలా?

ఇంకోటి. ఫిషర్, లించ్, ప్యాటర్సన్‌ల 1985 ఫలితం: మెసేజ్‌లు ఎంత ఆలస్యమవుతాయో తెలియనప్పుడు, ఒక్క మెషీన్ ఆగిపోయే అవకాశం ఉన్నా, మిగతావి తప్పక ఒక నిర్ణయానికి వస్తాయని యాదృచ్ఛికత వాడని ఏ పద్ధతీ హామీ ఇవ్వలేదు. ప్రూఫ్ సగంలోనే తప్పిపోతున్నాను గానీ అసలు సంగతి మాకు కొత్త కాదు. 2018లో తిత్లీ తుఫానప్పుడు మావయ్య ఫోన్ కలవకపోతే, లైన్ పోయిందా, మనిషికే ఏమైనా అయిందా తెలియక అల్లాడిపోయాం. ఆగిపోయిన మెషీన్‌కీ, నెమ్మదిగా ఉన్న మెషీన్‌కీ తేడా తెలియకపోవడం అంటే అదే కదా? ఈ పోలికతో మొదలుపెడితే కమిటీవాళ్లు నవ్వుతారా? ఈ దారిలో వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.