ముక్కు దిబ్బడకు ఆక్యుప్రెషర్: ఎడమ పక్క మాత్రం తెరుచుకోవడం లేదు

మాది పర్లాకిమిడి. చలి మొదలైతే చాలు, తెల్లవారుజామున 4 గంటలకల్లా నాకు ముక్కు దిబ్బడ వేసేస్తుంది. జ్వరం లేదు, చీమిడి నీళ్లలా పల్చగానే ఉంటుంది. వాము మూట, సెలైన్ (ఉప్పునీటి) స్ప్రే వాడాను. ఆవిరి పడితే కాసేపు హాయి, మళ్లీ మామూలే. (మిరియాల కషాయం చెప్పబోయేవాళ్లకు: మా అత్తగారు అది ఎప్పుడో పట్టించేశారు.)

ఇప్పుడు ముఖం మీద ఆక్యుప్రెషర్, అంటే పేరు, నంబరు ఉన్న కొన్ని బిందువులను వేళ్లతో నొక్కడం, చేస్తున్నాను. ముక్కుపుటాల పక్కనే, నవ్వితే గీత పడే చోట ఉండే ఎల్ఐ 20 బిందువును చూపుడువేళ్లతో 1 నిమిషం, కనుబొమల లోపలి చివరన బీఎల్ 2ను ఇంకో నిమిషం నొక్కుతాను. గోరు తగలకుండా, వేలి కొసతో గుండ్రంగా తిప్పుతూ. కుడి పక్క వెంటనే గాలి ఆడుతుంది. ఎడమ పక్క మొండికేస్తుంది, పైగా నొక్కిన చోట సలుపు గంటసేపు వదలదు. వెల్లకిలా పడుకుని చేసినా, కూర్చుని చేసినా అంతే.

ఈ పద్ధతి బాగా తెలిసినవాళ్లు చెప్పండి: ఎడమ పక్క ఎల్ఐ 20ని వదిలేసి బీఎల్ 2 ఒక్కటే నొక్కాలా, లేక రెండూ ఇంకా తేలిగ్గా ఎక్కువసేపు నొక్కాలా?