చిన్న ట్రాక్టర్ 250 గంటల సర్వీస్ ఇంటికాడ చేసుకోవచ్చా? మధ్యాహ్నం హీట్ గూడ ఎక్కుతున్నది

పరకాల పత్తి చేను:
అన్నలందరికి నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. పోయినేడు చిన్న ట్రాక్టర్ తీసుకున్న, 24 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, ఫోర్ వీల్ డ్రైవ్. మిర్చి సాళ్ల నడుమకెళ్లి పోతది, అందుకే పెద్దది వద్దనుకున్న. ఇప్పుడు మీటర్ల 246 గంటలైనయి, 250కి ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చాలె అని బుక్కుల ఉన్నది. మొదటి 50 గంటల సర్వీస్ కొన్నకాడనే చేపిచ్చిన, పొద్దుగాల ఇడిస్తే చీకటి పడేదాక ముట్టలే, ఎయిర్ ఫిల్టర్ మార్చినం అని బిల్లేసిండ్రు, ఇంటికొచ్చి ఇప్పి చూస్తే పాతదే ఉన్నది. అప్పటిసంది మనసు ఒప్పుత లేదు. ఈసారి నేనే చేసుకుంటా అనుకుంటున్న, పానాల సెట్ ఉన్నది, బైకు ఆయిల్ ఎప్పుడూ నేనే మారుస్త గని ట్రాక్టర్ మీద ఎన్నడు చెయ్యి పెట్టలే.

ఇంకోటి, పెసరు తీసిన చెల్కల మక్క పెడుదామని వారం సంది రోటవేటర్ కొడుతున్న. పొద్దుగాల మంచిగనే ఉంటది, పన్నెండు దాటినంక హీటు ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతున్నది. ఆపి అరగంట ఉంచితే దిగుతది. రేడియేటర్ల నీళ్లు తగ్గితే బోరు నీళ్లు పోసిన రెండు మూడు సార్లు. తెలిసినోళ్లు కొంచెం వివరంగ చెప్పుండ్రి, ఇంకా పదెకరాలు కిరాయికి ఒప్పుకున్న.

హన్మకొండ డీజిల్ మెకానిక్:
తమ్మి, చేసుకోవచ్చు, భయమేం లేదు. ఆయిలు, ఫిల్టర్లు, గ్రీజు, బెల్టు, బ్యాటరీ, గివన్ని ఇంటికాడి పనులే. డీజిల్ పంపు, నాజిళ్లు, వాల్వుల గ్యాపు మాత్రం ముట్టకు, అవి కొలత పెట్టి చేసే పనులు. వారంటీ ఇంకా ఉంటే సర్వీస్ కూపన్ల సంగతి కొన్నకాడ ఒక్కసారి అడుగు, నువ్వు చేసిన పనికి గూడ ఆయిలు, ఫిల్టర్ బిల్లులు కవర్ల పెట్టి దాసుకో.

ఆయిలు తీసేముందు ఇంజిన్ పది నిమిషాలు నడిపియ్యి, గోరువెచ్చగుంటే పలుచగై అడుగున ఉన్న మడ్డి గూడ కొట్టుకొస్తది. మస్తు కాలినంక మాత్రం ఇప్పకు, చెయ్యి కాలుతది. బండి సమానంగ ఉన్నకాడ పెట్టాలె, వాలుగుంటే సగం లోపలనే ఉంటది, ఆయిలు కొలిచే గేజీ గూడ తప్పు చూపెడతది. డ్రైన్ బోల్టు కింద రాగి వాషర్ ఉంటది, కొత్తది ఎయ్యి, పదీ ఇరవై రూపాయలకు చూసుకోకు. కొత్త ఫిల్టర్ రబ్బరుకు ఏలుతోని కొంచెం ఆయిలు పూసి చేతితోనే బిగియ్యి, రబ్బరు ఆనినంక ముప్పావు సుట్టు తిప్పితే సాలు. పానా పెట్టి బిగిస్తే మల్లోసారి ఇప్పేటప్పుడు ఏడుస్తవ్. పాత రబ్బరు ఇంజినుకే అంటుకోని ఉంటది ఒక్కోసారి, అది చూడకుంట కొత్తది పెట్టినవనుకో, రెండు రబ్బర్లై స్టార్ట్ చెయ్యంగనే ఆయిలంత కింద పడతది. నా దగ్గరికి అట్ల వచ్చిన బండ్లు ఉన్నయి.

ఆయిలు 15డబ్ల్యూ-40 (అది ఆయిలు చిక్కదనం నంబరు) డీజిల్‌ది, గ్రేడు మీ బుక్కుల ఏది రాస్తే అది. బుక్కుల రాసిన కొలతంత ఒక్కసారే పొయ్యకు, అర లీటరు తక్కువ పోసి గేజీ చూస్కుంట పొయ్యి. స్టార్ట్ చేసి రెండు నిమిషాలు స్లోల ఉంచి, ఆపి, ఐదు నిమిషాలాగి మల్ల చూడు. తీసిన పాత ఆయిలు చేతి ఏళ్ల నడుమ రాసి చూడు తమ్మి, నల్లగుంటే మామూలే. పాలలెక్క తెల్లగుంటే నీళ్లు కలిసినట్టు, పలుచగై డీజిల్ వాసనొస్తే డీజిల్ దిగుతున్నట్టు, రెండిట్ల ఏదున్నా బండి ఆపేసి మెకానిక్‌ను పిలువు.

హీటు సంగతి రేపు రాస్త. ఒక్కటి చెప్పు, ఈ నడుమ బండి ఎక్కడన్న ప్రెజర్ పంపుతోని కడిపిచ్చినవా?

పరకాల పత్తి చేను:
అవునన్నా, దసరాకు పూజ చెయ్యాలె గదా అని ముందురోజు బండ్లు కడిగే కాడికి తీస్కపోయి మొత్తం కడిపిచ్చిన. మీకెట్ల తెలిసింది? నిజమే, పండుగ ముందట ఇంత హీటు ఎన్నడు లేకుండె.

జమ్మికుంట పెద్దాయన:
నేను 22 ఏండ్లు పెద్ద ట్రాక్టర్ నడిపిన, ఇప్పుడు మోకాళ్లు సహకరిస్తలేవని చిన్నది తీసుకున్న. బిడ్డా, ముందుగాల ఆ బోరు నీళ్లు బంద్ చెయ్యి. మన దిక్కు బోర్లల్ల నీళ్లు ఎంత సవుడుంటయో ఇంట్ల బువ్వ గిన్నెకు పట్టే తెల్ల పెచ్చు చూస్తె తెల్వదా, అదే పెచ్చు ఇంజిన్ లోపల పడుతది, ఒకపారి పడితే హీటు బయటికి పోదు. కూలెంటు (ఇంజిన్ సల్లబరిచే మందు) సగం, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పొయ్యాలె. కలిపి అమ్మేది గూడ దొరుకుతది, దాంట్ల మల్ల నీళ్లు కలుపకు. చేన్ల ఉన్నప్పుడు మరీ అవసరం పడితే వానకు పట్టిన నీళ్లు నయం.

కాలుతున్న ఇంజిన్ల సల్లటి నీళ్లు ఎన్నడూ పొయ్యొద్దు, హెడ్డు పగులుతది. అప్పుడు రేడియేటర్ మూత గూడ ఇప్పొద్దు. మా ఊళ్లె ఒకాయన మూత ఇప్పంగనే ఆవిరి మొకం మీదికి కొట్టింది, నెల రోజులు దవఖాన్ల ఉన్నడు.

హీటు మరీ ఉంటే లోపల ఒక వాల్వు ఉంటది, థర్మోస్టాట్ అంటరు, అది తీసేస్తే నీళ్లు ఫ్రీగ తిరుగుతయి. నా పాత బండికి అట్లనే చేపిచ్చిన.

హన్మకొండ డీజిల్ మెకానిక్:
కాక, మీ అనుభవం ముందట నేను చిన్నోణ్ణి గని థర్మోస్టాట్ తీసుడు మాత్రం వద్దు. అది ఉన్నదే ఇంజిన్ జల్ది వేడెక్కి అదే వేడిల ఉండెతందుకు. తీసేస్తే సలికాలం పొద్దుగాల ఇంజిన్ సల్లగనే తిరుగుతది, డీజిల్ పూర్తిగ కాలక రింగుల పక్కపొంటి ఆయిల్ల కలుస్తది, లోపల అరుగుడు ఎక్కువైతది. ఖరాబైతే కొత్తది ఎయ్యాలె గని తీసెయ్యొద్దు. ఖరాబైందో లేదో తెల్వాలంటే తీసి వేడి నీళ్ల గిన్నెల ఎయ్యి, నీళ్లు మసులకముందే తెరుసుకోవాలె.

తమ్మి, నీ బండికి రోగం అక్కడ లేదనుకుంటున్న. ప్రెజర్ పంపు ముందటికెళ్లి రేడియేటర్ మీద కొడితే రెండైతయి. రేకులు పల్చగుంటయి కాబట్టి వంగి గాలి సందులు మూసుకుంటయి, రేకుల నడుమున్న దుమ్ము బురదై లోపలికి పోయి ఎండుతది. దాని మీద ఇప్పుడు చెల్క దుమ్ము, పెసరు పొట్టు. ఇంజిన్ సల్లారినంక ముందట జాలీ తీసి దులుపు, తర్వాత ఫ్యాన్ దిక్కుకెళ్లి బయటికి మామూలు పైపు నీళ్లు మెల్లగ కొట్టు, మురికి ఎటుకెళ్లి వచ్చిందో అటే పోవాలె. వంగిన రేకులను సన్న పుల్లతోని ఒక్కొక్కటి సక్కగ చెయ్యి, ఓపిక పని. ఫ్యాన్ బెల్టు నడుమ బొటనేలుతోని నొక్కు, 10-12 మిల్లీమీటర్లు దిగాలె, అంతకంటె వదులుంటే జారుతున్నట్టు. మూత కింద రబ్బరు గూడ చూడు, పగిలితే మూత ప్రెజర్ ఆపదు, నీళ్లు తగ్గుకుంటనే ఉంటయి.

నర్సంపేట మిర్చి తోట:
నేను ఆడమనిషినే గని మా ఇంట్ల ట్రాక్టర్ సర్వీస్ నాదే, మా ఆయన హైదరాబాదుల డ్యూటీ. కొన్ని చెప్పుత తమ్ముడూ.

ఎయిర్ ఫిల్టర్ల రెండుంటయి, పెద్దది బయట, చిన్నది లోపల. పెద్దదాన్ని గాలితోని లోపటికెళ్లి బయటికి కొట్టాలె, గాలి మెల్లగుండాలె, పంచర్ షాపుల ఫుల్ గాలి కొడితే కాగితం చిరుగుతది, చిరిగినట్టు కండ్లకు గూడ కనపడదు. రాత్రిపూట లోపల బల్బు పెట్టి చూస్తే పొక్కలు తెలుస్తయి. లోపలి చిన్నది దులుపొద్దు, కడుగొద్దు, మార్చుడే. డబ్బా కింద రబ్బరు మూతి ఉంటది, రోజు ఒకసారి పిసుకు, దుమ్ము రాలుతది. రోటవేటర్ కొట్టేటప్పుడు నేను పొద్దుగాలొకసారి మధ్యాహ్నమొకసారి పిసుకుత.

డీజిల్ ఫిల్టర్ కింద గాజు గిన్నె ఉంటే దాంట్ల నీళ్లు కనపడతయి, కింది స్క్రూ ఇప్పి వదులు. సాయంత్రం పని అయిపోంగనే ట్యాంకు నింపి పెడితే రాత్రి సలికి లోపల చెమ్మ పట్టదు, మేము డబ్బాలల్ల తెచ్చి పోస్తం కాబట్టి ఒకరోజు ఊకే ఉంచి పైది పైదే పోస్త.

ఇగ జాగ్రత్తలు. కిందికి దూరేముందు రోటవేటర్ నేల మీద దించాలె, ఇంజిన్ ఆపి తాళంచెవి జేబుల ఏస్కోవాలె. హైడ్రాలిక్ మీద లేపి దాని కిందికి పోవద్దు. పీటీఓ షాఫ్టు (ట్రాక్టర్ ఎనుక రోటవేటర్‌ను తిప్పే రాడ్డు) మీద ప్లాస్టిక్ కవర్ పగిలితే పని ఆపి కొత్తది ఎయ్యి, చీర కొంగు, తువ్వాల ఏది తగిలినా క్షణంల సుట్టుకుంటది, నాకు అన్నిట్ల అదే భయం. డీజిల్ పైపు కారుతుందా అని ఏలు పెట్టి చూడొద్దు, ఆ ప్రెజర్‌కు డీజిల్ తోలు లోపటికే పోతది, అట్ట ముక్క పెట్టి చూడు.

పత్తి షెడ్డుల పెడితే ఎలుకలు వైర్లు కొరుకుతయి, ఒకపారి సెల్ఫ్ వైరే కొరికినయి మాకు. పత్తి ఏరి పోసినకాడ బండి పెట్టకు.

పరకాల పత్తి చేను:
అందరికి దండాలు, ముఖ్యంగ అక్కకు. నిన్న పొద్దంత ఇదే పని పెట్టుకున్న. జాలీ తీస్తే పొట్టు గుప్పెడు ఎల్లింది, రేకులు ఎడమదిక్కు చెయ్యెడల్పు వంగి ఉన్నయి, నేనూ మా బాపు కూసొని మూడు గంటలు సక్కగ చేసినం. బోరు నీళ్లు వదిలితే తుప్పు రంగుల వచ్చినయి. మంచినీళ్లు పోసి ఇంజిన్ వేడెక్కేదాక నడిపి, సల్లారినంక వదిలి, అట్ల నాలుగుసార్లు చేసినంక తేటగొచ్చినయి, తర్వాత కూలెంటు పోసిన. పాత ఆయిలు నల్లగనే ఉన్నది, డీజిల్ వాసన లేదు. మెకానిక్ అన్న చెప్పినట్టే ఫిల్టర్ పాత రబ్బరు ఇంజినుకే ఉండిపోయింది, చెప్పకపోతే చూడకపోదును.

ఇయ్యాల రెండింటి దాక రోటవేటర్ కొట్టిన, ముల్లు సగం కాడనే ఉన్నది. ఫిల్టర్ మీద తెల్ల పెయింటుతోని మార్చిన గంటలు 249 అని రాసిన. ముందటి ఇరుసు నడుమ పిన్ను మీద గ్రీజు ఎక్కించే నిప్పిల్‌కు మాత్రం గ్రీజు దిగుతలేదు, గన్ నొక్కితే పక్కకెళ్లి వస్తున్నది, దానికేం చెయ్యాలె?

హన్మకొండ డీజిల్ మెకానిక్:
నిప్పిల్ మూసుకపోయింది తమ్మి. ఇప్పి డీజిల్ల నానబెట్టు, పిన్నుతోని నొక్కితే లోపలి గోలీ కదలాలె, కదలకపోతే కొత్తది ఎయ్యి. ముందటి ఇరుసు కొంచెం జాకీ మీద లేపి, కట్టెలు పెట్టి, బరువు లేకుంట చేసి గ్రీజు కొట్టు, అప్పుడు పాత గ్రీజు బయటికొచ్చేదాక దిగుతది.