మనాదికి మందు లేదు, మాట... తర్వాత ఏమిటి?

(ఒక గ్రూపు చాట్. మాట్లాడేవాళ్లను వాళ్ల ఊరి పేర్లతోనే చూపించాం.)

దేవరకొండ: నాలుగు రోజులుగా మా నానమ్మ మాట ఒకటి బుర్రలో తిరుగుతోంది. పెద్దమ్మ నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకుంటే, నానమ్మ చేటలో బియ్యం చెరుగుతూ అనేది: "మనాదికి మందు లేదు, మాట..." ఆ పైన గుర్తు రావట్లేదు. "మాటే మందు" అందా, "మాటా లేదు" అందా?

పాలమూరు: టే, టా తర్వాత. ముందు మనాది, అంటే మనసును తినేసే దిగులు, ఆ మాట ఎక్కడిదో తేల్చాలి. వ్యాధి ఒంటిది, ఆధి మనసుది. మనసులోని ఆధే మనాది. మనోవ్యాధి కానే కాదు.

సూర్యాపేట: పంతులుగారూ, మనః, ఆధి కలిస్తే "మన ఆధి" అని విడిగానే ఉంటుంది, సంధి కాదు. మనోవ్యాధే నోట్లో అరిగింది.

పాలమూరు: అరిగితే "వ్యా" ఎటు పోయింది? వ్యవసాయం ఎవుసం అయిన ఊళ్లో మనోవ్యాధి మనోయాది కావాలి కదా.

నాగర్‌కర్నూల్: నేననేదీ అదే! మన, యాది. పోయినోళ్ల యాదిలో కుమిలిపోవడమే మనాది.

సూర్యాపేట: యాది ఫార్సీ నుంచి వచ్చింది. దానికి "మన" అంటు కట్టకండి సార్.

దేవరకొండ: అసలు ఎందుకు అడిగానంటే, పెద్దమ్మ తల్లికీ మనాదేనట. ఇది వంశంలో వస్తుందా?

మిర్యాలగూడ: జువాలజీ చెప్పేవాణ్ణి కాబట్టి దూరుతున్నా. కొంత వస్తుంది. కవలల అధ్యయనాల్లో డిప్రెషన్‌లో జన్యువుల వాటా సుమారు 37 శాతం. మెదడు కణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని కణంలోకి తిరిగి లాక్కునే ప్రోటీన్‌కు ఒక జన్యువుంది. దాని పొట్టి రూపం ఉన్నవాళ్లకు భయపడ్డ ముఖాలు చూపిస్తే, మెదడులో భయానికి స్పందించే, బాదంగింజలాంటి అమిగ్డలా ఎక్కువగా స్పందించిందని 2002లో రాశారు. పొట్టి రూపానికి కష్టాలు తోడైతే డిప్రెషన్ ఎక్కువని 2003లో న్యూజిలాండ్ అధ్యయనం చెప్పింది. మా క్లాసులో నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పాను. 2019లో లక్షల మంది డేటాతో చూస్తే ఆ ఒక్క జన్యువు కథ నిలబడలేదు. జన్యువుల్లో వందకు పైగా చోట్ల చిన్న చిన్న తేడాలున్నాయి, ఒక్కోదాని ప్రభావం చిటికెడు. సామెత ఎట్లున్నా మందులున్నాయి, కౌన్సెలింగూ ఉంది. భయపడకండి.

నాగర్‌కర్నూల్: అంటే అమిగ్డలా ఉలిక్కిపడితే పట్టి ఆపేది ఏది?

మిర్యాలగూడ: నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ భాగం. విషయాన్ని ఇంకో వైపు నుంచి చూడడం సాధన చేస్తే ఆ పట్టు మెరుగవుతుంది.

పాలమూరు: వేమన ఎప్పుడో చెప్పాడు. తినగ తినగ వేము తియ్యనుండు, సాధనమున పనులు సమకూరును ధరలోన!

సూర్యాపేట: "సమకూరు", పంతులుగారూ. ఈ పద్యం ఆటవెలది, అందులో ఆ చోట ఇంద్రగణం అనే అక్షరాల కూర్పు రావాలి. "ను" చేరిస్తే ఏ గణమైతది?

పాలమూరు: కీబోర్డు తనంతట తాను కొట్టింది.

సూర్యాపేట: కీబోర్డుకు ఛందస్సు రాదు, సరే. మీకొస్తది కదా!

మిర్యాలగూడ: దేవరకొండ ఆమె టే, టా అడిగి గంటైంది.

దేవరకొండ: అమ్మకు ఫోన్ చేశాను. మాట సంగతి తనకూ గుర్తు లేదట. కానీ నానమ్మ మనాది అనేది కాదట, "మనేది" అనేదట.

పాలమూరు: మనేదా! అయితే అది మనోవేదన. లెక్క మొదటి నుంచి వేయాలి.