ఏటా సైకిల్ మార్చడం అవసరమా, యావా?

గుణుపురం కుర్రాడు
అన్నలందరికీ నమస్కారం. నాది 21 గేర్ల సైకిలు. 26 ఇంచుల చక్రాలు, ముందు స్ప్రింగు షాకు, తీగ డిస్క్ బ్రేకులు. ఆదివారం వస్తే వంశధార దాటి కొండ కింది ఊళ్ల బాటల్లో తిరుగుతాను. షాకు మార్పించి, ముందు పెడల్ దగ్గరున్న మూడు పళ్ల చక్రాలు, అదే చైన్‌రింగులు, తీయించి ఒక్కటే పెట్టించుకుందామని ఉంది. రాయగడలో మావాళ్లేమో "దాని మీద డబ్బులెందుకు తగలేస్తావు, అమ్మేసి 29 ఇంచుల చక్రాలది కొనుక్కో" అంటున్నారు. వాళ్ల వరస చూస్తే నిరుడు కొన్నది ఈ ఏడు బేరానికి పెట్టారు. అది అమ్ముడవకముందే ఇంకోదానికి అడ్వాన్సు ఇచ్చేశారు. మోటారు బైకు పదేళ్లు నడిపే మనుషులు సైకిలు దగ్గరికొచ్చేసరికి ఇలా అయిపోతారేంటి? ఇది అవసరమా, యావా?

పర్లాకిమిడి పంతులు
యావే, బాబూ. సందేహమెందుకు?

నీ సైకిలుకి ముందు చిన్న రింగు 22 పళ్లు, వెనక పెద్దది 34 అనుకో. పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం 0.65 చుట్టు తిరుగుతుంది. ఇప్పుడందరూ ఎగబడుతున్నది ముందు 32, వెనక 51. అది 0.63. తేడా అంతే. ఇంకా చూడు: 29 చక్రం పెద్దది కాబట్టి ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. నీ పాత సైకిలు పెడల్ చుట్టుకి సుమారు 1.34 మీటర్లు పోతే, వాడి కొత్తది 1.44 పోతుంది. అంటే ఎక్కుడులో నీదే తేలిక! దేవమాలి కొండ ఎత్తు ఎవరికైనా 1672 మీటర్లే. లక్ష పోసినవాడికి కొండేమీ వంగి దండం పెట్టదు.

చైన్ నూనె, జయపురం
పంతులుగారి లెక్క సరిగ్గానే ఉంది. కాకపోతే ఆ లెక్కలో బురద లేదు.

జూన్ నుంచి అక్టోబరు దాకా మా వైపు ఎర్రమట్టి ఎలా ఉంటుందో తిరిగినవాళ్లకి తెలుసు. ముందు డిరెయిలరు, అంటే చైనును ఒక రింగు నుంచి ఇంకో రింగుకి నెట్టేది, మట్టి పట్టి బిగుసుకుంటుంది. ఎక్కుడు మొదట్లో చిన్న రింగుకి దింపబోతే చైను జారి ఫ్రేముకీ రింగుకీ మధ్య ఇరుక్కుంటుంది. 2012లో గేర్లు చేసే స్రామ్ కంపెనీవాళ్లు ముందు ఒక్క రింగు, వెనక 11 పళ్ల చక్రాల సెట్టు తెచ్చాక మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. ఆ రింగుకి ఒక పన్ను సన్నం, ఒక పన్ను వెడల్పు. చైను ఎగిరినా వదలదు. ఆ పద్ధతి నెగ్గింది ఈ తలనొప్పి పోగొట్టినందుకే గాని, ఎక్కుడు తేలిక చేసినందుకు కాదు.

ఇక అమ్మకాల సంగతి. రిపేరు బల్ల దగ్గర నాకు కనబడేది ఇది: జనం ముందు సైకిలును బాగుచేసుకుందామనే వస్తారు, సైకిలే ఒప్పుకోదు. తమ్ముడి సైకిలునే తీసుకోండి. వెనక ఉన్నది ఫ్రీవీల్ అయి ఉంటుంది, హబ్ (చక్రం నడిమి కుండ) మీద మర తిప్పి బిగించే రకం. అందులో 7 చక్రాలు, ఎక్కడో అరుదుగా 8. పెద్ద క్యాసెట్, అంటే హబ్ మీదకి జారించి బిగించే పళ్ల చక్రాల సెట్టు, వేయాలంటే హబ్ మార్చాలి, హబ్ మారిస్తే చక్రం మళ్లీ అల్లాలి. కుడివైపు బేరింగు లోపలికి ఉండటంతో గుంతల్లో ఇరుసు వంగేదీ ఈ రకంలోనే. షాకు మారుద్దామా? ఇప్పుడు మంచి షాకులన్నీ దాదాపు కింద ఒకటిన్నర ఇంచు, పైన ఇంచు మీద ఎనిమిదో వంతు దాకా సన్నబడే స్టీరరుతో (హ్యాండిల్‌కి కలిపే గొట్టంతో) వస్తున్నాయి. పాత ఫ్రేముల్లో అది దూరే గొట్టం పైనుంచి కింది దాకా ఒకటే సన్నం. ఇక వెనక ఇరుసు కొలత 135 మిల్లీమీటర్ల నుంచి 142కి, అక్కణ్ణించి 148కి పోయింది. 2018లో గేర్లు చేసే షిమానో కంపెనీ 12 గేర్లకని ఇంకో రకం హబ్ తెచ్చింది, పాత క్యాసెట్ దాని మీద కూర్చోదు. ఒకటి మార్చబోతే నాలుగు మార్చాలి, ఆ నాలుగింటి ఖర్చుకి ఇంకో సైకిలే వస్తుంది. అప్పుడు అమ్మక ఏం చేస్తాడు?

పర్లాకిమిడి పంతులు
కొలతలు మార్చింది ఎవరు? కంపెనీవాళ్లు. మార్చింది ఎందుకు? అమ్ముకోడానికి. మీరు నా మాటే చెప్తున్నారు.

చైన్ నూనె, జయపురం
అన్నీ అమ్ముకోడానికే అంటే ఒప్పుకోను. 29 చక్రం పెద్దది, ఊచల మీద లాగుడు ఎక్కువ. ఇరుసు 148 చేస్తే ఊచలు ఏటవాలుగా నిలబడి చక్రం గట్టిపడుతుంది. అది నిజం. కానీ 142 నుంచి 148కి పోవడానికి అంత గొడవ అక్కర్లేదని నాకూ అనిపిస్తుంది, ఆ మాట మాత్రం మీదే గెలుపు.

నాగావళి గట్టు
తమ్ముడు రాయగడోళ్ల పరువు తీశాడు కాబట్టి నేను మాట్లాడాలి. అడ్వాన్సు ఇచ్చింది నేనే.

పంతులుగారూ, మీరు చెప్పులు కొనేముందు కాలికి వేసి చూస్తారా లేదా? రాయగడలో, గుణుపురంలో, మీ పర్లాకిమిడిలో 29 సైకిలెక్కి కొండబాట మీద ఒక గంట తొక్కి చూసి కొనే కొట్టు ఒక్కటి చూపించండి. విశాఖ పోయినా కొట్టు ముందు తారురోడ్డు మీద వంద గజాలు తొక్కనిస్తారు. హ్యాండిల్ గొట్టం వాలు 71 డిగ్రీలుంటే ఎలా ఉంటుంది, 66 ఉంటే దిగుడులో ఎంత ధైర్యంగా ఉంటుంది అన్నది ఆ వంద గజాల్లో తెలుస్తుందా? మా దగ్గర సైకిలు తొక్కి చూడాలంటే కొని చూడాల్సిందే. నచ్చకపోతే అమ్మడం. అమ్మేటప్పుడు పోయే నాలుగైదు వేలని నేను నష్టమనుకోను, ఏడాదికి అద్దె అనుకుంటాను.

ఇంకోటి. విశాఖలో ఒకరు కొత్తది కొంటేనే వాళ్ల పాతది పార్వతీపురం మీదుగా రైల్లో రాయగడ వస్తుంది. నాది ఇక్కడ డిగ్రీ చదివే కుర్రాడికి పోయింది. వాడికి కొత్తది కొనే తాహతు లేదు. అందరూ పంతులుగారిలా ఇరవయ్యేళ్లు ఒకే సైకిలుకి అంటిపెట్టుకుంటే ఈ వైపు కొండసైకిలు తొక్కేవాడే ఉండడు.

పర్లాకిమిడి పంతులు
చెప్పుల పోలిక బాగుంది బావా. కానీ చెప్పులు కరిచాయని మార్చినవాడు ఎక్కడ కరిచాయో చెప్పగలడు. నిరుటి సైకిలు ఎందుకమ్మావో ఒక్క కారణం చెప్పు, వింటాను.

నాగావళి గట్టు
సీటు. దిగుడులో సీటు కిందకి దిగాలి, ఎక్కుడులో పైకి రావాలి. దిగి స్పానరు తిప్పే ఓపిక లేదు. హ్యాండిల్ మీద మీట నొక్కితే దిగే సీటుగొట్టం కావాలి. నా ఫ్రేము గొట్టం సన్నం, 27.2 మిల్లీమీటర్లు. ఆ కొలతలో దొరికేవి తక్కువ, దిగేదీ తక్కువే. 30.9 ఉన్న ఫ్రేముకి మారాను.

పర్లాకిమిడి పంతులు
సరే, ఇది కారణమే. ఒకటి నీ ఖాతాలో.

సునాబేడ అక్క
మగవాళ్లంతా గేర్లూ గొట్టాలూ అంటున్నారు, సైజు మాట ఎవరూ ఎత్తలేదు. నేను అయిదడుగుల ఒక అంగుళం. ఈ వైపు పాత సైకిళ్లలో అమ్మకానికొచ్చేవి ఎక్కువగా మీడియం, లార్జ్. సీటు ఎంత దింపినా హ్యాండిల్ అందదు, గంట తొక్కితే మెడా మణికట్లూ పట్టేస్తాయి. అందుకని అమ్మి, ఇంకోటి కొని, అదీ అమ్మి చివరికి స్మాల్ ఫ్రేము దొరికించుకున్నాను. ఆ తర్వాత మార్చలేదు, మార్చాలని అనిపించడమూ లేదు. నా అనుమానం ఏమిటంటే, ఇక్కడ "కొత్త మోడల్ కావాలి" అనేవాళ్లలో చాలామందికి అసలు సైజే సరిపోలేదు. అది వాళ్లకి తెలియక ప్రతిసారీ ఇంకా ఖరీదైనది అదే సైజులో కొంటున్నారు.

యావ లేదని కాదు. మా కాలనీలో ఒకాయన సైకిలు బరువు 300 గ్రాములు తగ్గించడానికి ఎంత పోశాడో ఇంట్లో చెప్పలేదు. నీళ్ల సీసా సగం ఒంపేస్తే తగ్గే బరువది.

చైన్ నూనె, జయపురం
అక్కా, ఇది నేను చెప్పాల్సింది, మీరు చెప్పారు.

దీనికి తోడు సర్వీసు. గాలి షాకు కింది కాళ్లలో నూనె, సీళ్లు 50 గంటల సవారీకోసారి చూడమని తయారీదార్లే చెబుతారు. మన దుమ్ములో ఇంకా ముందే కావాలి. ఎవరూ చేయించరు. రెండేళ్లకి షాకు కర్రలా బిగుసుకుపోతుంది, "ఈ సైకిలు పాతబడింది" అని అమ్మకానికి పెడతారు. కొన్నవాడు నా దగ్గరికి తెస్తే నూనె మార్చి, సీళ్లు వేసి ఇస్తాను. కొత్తదానిలా ఆడుతుంది. చైనూ అంతే: 11, 12 గేర్లవాటికి సాగుడు అర శాతం రాగానే మార్చాలి. అది వదిలేస్తే క్యాసెట్ తినేస్తుంది, అప్పుడు బిల్లు చూసి సైకిలునే వదిలించుకుంటారు.

పాతది కొనేవాళ్లకి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. అంతకుముందు బిల్లు చూపించి "ఇంతకి కొన్నాను" అని బేరమాడేవాళ్లకి ఆ రేటు ఇవ్వకండి. కరోనా కాలంలో సరుకు దొరక్క ఎక్కువ రేటుకి కొన్నవైతే మరీను.

ఇక గుణుపురం తమ్ముడూ, ఏదీ కొనకముందు వెర్నియర్‌తో హ్యాండిల్ కింది హెడ్ ట్యూబు లోపలి కొలత చూడు. 44 మిల్లీమీటర్లుంటే కింద బయటికుండే బేరింగు కప్పు వేసి కొత్త షాకు పెట్టొచ్చు. 34 ఉంటే ఆ ఆశ వదిలెయ్.

గుణుపురం కుర్రాడు
కొలిచానన్నా. 34. వెనక కూడా ఫ్రీవీలే, మీరన్నట్టే 7 చక్రాలు. సైజు మాత్రం నాకు సరిగ్గా సరిపోయింది, అక్క చెప్పాక అదీ చూసుకున్నాను.

చైన్ నూనె, జయపురం
అయితే దాని మీద పెద్ద ఖర్చు పెట్టకు. 2.1 ఇంచుల వెడల్పు బొడిపెల టైర్లు, మంచి బ్రేకు ప్యాడ్లు, కొత్త గేరు తీగలు. మూడు రింగులు అలాగే ఉండనీ. ఒక్క రింగు పెట్టి వెనక 34తోనే ఉంటే పంతులుగారి లెక్కలో నువ్వు నష్టపోతావు. 32 బై 34 అంటే దాదాపు చుట్టుకి చుట్టు, ఘాటీలో దిగి నెట్టుకోవాల్సిందే.

పర్లాకిమిడి పంతులు
టైర్లు, ప్యాడ్లు, తీగలు. మొదటే చెప్పొచ్చుగా ఈ మాట!

నాగావళి గట్టు
మొదటే చెప్తే మీ లెక్కలు ఎవరు వింటారు పంతులుగారూ? తమ్ముడూ, టైర్లు వేయించుకో. వేయించాక ఒక ఆదివారం రాయగడ రా. నా 29 ఇస్తాను, సీటు నీ ఎత్తుకి పెట్టి నాగావళి ఒడ్డున పూట పూటంతా తొక్కి చూడు. కొనమని ఒక్క మాట అనను.

పర్లాకిమిడి పంతులు
కొనమనడు. అమ్ముతాడు.