టీఎల్‌డీ వాడేవారికి రిఫాంపిసిన్ మొదలైతే రాత్రి డోసు ఎలా?

ప్రశ్న:
మగ పేషెంటు, 46 ఏళ్లు, 58 కిలోలు. హెచ్‌ఐవీకి రోజూ ఉదయం టీఎల్‌డీ (టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా.) ఒకటి. టీబీ తేలడంతో రిఫాంపిసిన్ మొదలుపెట్టారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా, ఒక కాల్షియం బిళ్ల కూడా ఉన్నాయి. టీఎల్‌డీనే రెండు పూటలా ఇస్తే సరిపోతుందా? టీఎల్‌డీ మొదలుపెట్టిన నెలలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) 0.9 నుంచి 1.0 అయింది, భయపడాలా?

జవాబు 1:
టీఎల్‌డీ రెండు వద్దు. అలా ఇస్తే టెనోఫోవిర్, లామివుడిన్ కూడా అనవసరంగా రెట్టింపవుతాయి. రిఫాంపిసిన్ వల్ల యూజీటీ1ఏ1, సిప్3ఏ4 ఎంజైములు చురుకై డోలుటెగ్రావిర్ త్వరగా ఖర్చయిపోతుంది. పెంచాల్సింది దాన్నొక్కదాన్నే. ఉదయం 8కి టీఎల్‌డీ, రాత్రి 8కి విడిగా డోలుటెగ్రావిర్ 50. ఉదయమే రెండూ కలిపి మింగేస్తే మర్నాటికల్లా మందు మట్టం పడిపోతుంది, 12 గంటల ఎడం అందుకే.

ఎక్కువగా జరిగే పొరపాటు చివర్లో ఉంటుంది: టీబీ కోర్సు అయిన రోజే రాత్రి బిళ్ల మానేస్తారు. ఎంజైముల జోరు వెంటనే తగ్గదు, ఇంకో రెండు వారాలు కొనసాగించాలి.

జవాబు 2:
పైదానికి తోడు మెట్‌ఫార్మిన్ చూడండి. డోలుటెగ్రావిర్ ఓసీటీ2ను (కిడ్నీలో కొన్ని పదార్థాలను మూత్రంలోకి పంపే ప్రొటీన్) అడ్డుకోవడంతో మెట్‌ఫార్మిన్ మూత్రంలోకి సరిగా పోదు, రక్తంలో పేరుకుంటుంది. 2000 ఎక్కువే, రోజు మొత్తం 1000 దాటనివ్వకండి. తగ్గించాక షుగర్ పెరిగితే వేరే మందు కలపాలి.

కాల్షియంను భోజనంతో కలిపి డోలుటెగ్రావిర్‌తో పాటే వేసుకోవచ్చు. పరగడుపునైతే డోలుటెగ్రావిర్ 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్‌కు భోజనం మినహాయింపు లేదు, ఆ ఎడం పాటించాల్సిందే.

జవాబు 3:
క్రియాటినిన్‌కూ ఆ ఓసీటీ2యే కారణం అయ్యుండొచ్చు. మొదటి నెలలో ఇలా కాస్త పెరిగి అక్కడే ఆగుతుంది, వడపోత తగ్గినట్టు కాదు. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ వడపోత అంచనా) లెక్క వేయండి: (140−46)×58÷(72×1.0), అంటే నిమిషానికి సుమారు 76 మి.లీ. టెనోఫోవిర్‌కు ఇది చాలు. 50 కంటే తగ్గితే మాత్రం టీఎల్‌డీ బిళ్ల కుదరదు. టెనోఫోవిర్ బదులు అబాకావిర్ అనే హెచ్‌ఐవీ మందుకు మారాలంటే ముందు హెచ్‌ఎల్‌ఏ-బి 57:01 (ఆ మందుకు తీవ్ర అలర్జీ ముప్పు చెప్పే జన్యు) పరీక్ష చేయించాలి. క్రియాటినిన్ పెరుగుతూనే పోతున్నా, మూత్రంలో ప్రొటీన్ కనిపించినా టెనోఫోవిర్‌నే అనుమానించండి.

ప్రశ్న అడిగినవారు:
రిఫాంపిసిన్ బదులు అదే కోవకు చెందిన టీబీ మందు రిఫాబ్యుటిన్ అయితే?

జవాబు 1:
రాత్రి బిళ్ల అక్కర్లేదు, 50 ఒక్కసారే.